పాచి, గార, నెత్తురు: చిగుళ్ల జబ్బులో బ్యాక్టీరియా పాత్ర ఎంత?

దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెహదీపట్నంలోనో ఏ మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడండి, ఈ మాట వినపడుతుంది: "అన్నా, చిగుళ్లు వాచినయ్, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, ఏదన్నా గోలీ ఇవ్వు." షాపతను పెద్దగా ఆలోచించడు. ఒక మెట్రోనిడజోల్, ఒక అమాక్సిసిలిన్ (రెండూ యాంటీబయాటిక్‌లే), పైన ఒక నొప్పి బిళ్ల కత్తిరించి ఇచ్చేస్తాడు. మూడు రోజుల్లో వాపు తగ్గుతుంది. కొన్నాళ్లకు అదే మనిషి మళ్లీ అదే షాపు ముందు ఉంటాడు.

ఆ గోలీ కొంతవరకు ఎందుకు పనిచేస్తుంది, పూర్తిగా ఎందుకు పనిచేయదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే చిగుళ్ల జబ్బు చాలావరకు అర్థమైనట్టే.

ఒక జబ్బుకు ఒక క్రిమి అనే లెక్క మనకు బాగా అలవాటు. మన ఊరికైతే మరీను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆయన పేరు మీద ఇప్పటికీ ఆ భవనం ఉంది. అంతకు 15 ఏళ్ల ముందు, 1882లో, రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన బ్యాక్టీరియాను లోకానికి చూపించాడు. ఆ ఊపులో పళ్ల డాక్టర్లు కూడా చిగుళ్ల జబ్బు క్రిమి కోసం వేట మొదలుపెట్టారు. పళ్ల సందుల్లోంచి గీకిన పాచిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒకరు అమీబా అన్నారు, ఒకరు స్పైరోకీట్ అన్నారు, ఇంకొకరు స్ట్రెప్టోకాకస్ అన్నారు. ఏదీ నిలబడలేదు. ఎందుకంటే దోషి అనుకున్న ప్రతి క్రిమీ చిగుళ్లు నిక్షేపంగా ఉన్నవాళ్ల నోట్లో కూడా దొరికింది. కాక్ పెట్టిన నియమాల ప్రకారం అలా దొరకకూడదు.

ఇప్పటివరకు మనుషుల నోళ్లలో గుర్తించిన బ్యాక్టీరియా జాతులు 700కు పైనే. ఒక్కొక్కరి నోట్లో అన్నీ ఉండవు గానీ, వందకు తక్కువ ఉండటం అరుదు. ఇవేవీ బయటి నుంచి దాడికి వచ్చినవి కావు. చిన్నప్పటి నుంచీ మనతోనే ఉన్నాయి, వాటిలో చాలావాటి వల్ల మనకు మేలే. అలాంటప్పుడు గొడవ ఎక్కడ మొదలవుతుంది?

పన్ను దగ్గర. ఒంట్లో బయటి ప్రపంచానికి తగిలే ప్రతి చోటా పైపొర రాలిపోతూ ఉంటుంది. చర్మం రాలుతుంది, బుగ్గ లోపలి పొర రాలుతుంది, పేగు లోపలి పొరా రాలుతుంది. దాని మీద చేరిన బ్యాక్టీరియా దాంతోపాటే పోతుంది. పన్ను మాత్రం రాలదు. పైగా అది చిగురును చీల్చుకుని వచ్చి, సగం ఎముకలో, సగం బయట నిలబడి ఉంటుంది. గట్టి పదార్థానికీ మెత్తని కండకూ ఇలాంటి అతుకు ఒంట్లో ఇంకెక్కడా లేదు. ఆ అతుకు చుట్టూ ఉండే సన్నటి సందులోనే మన కథంతా జరుగుతుంది.

పొద్దున బ్రష్ చేసి పుక్కిలించిన కొన్ని నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పన్ను మీద కంటికి కనపడనంత పలుచని పొరగా అంటుకుంటాయి. ఆ పొరను పట్టుకోగలిగే స్ట్రెప్టోకాకస్ జాతులు ముందుగా వచ్చి చేరతాయి. వీటికి ఆక్సిజన్ ఉన్నా ఇబ్బంది లేదు, మనం తిన్న అన్నంలోని పిండి, టీలోని చక్కెర దొరికితే చాలు. వీటి మీదికి మరికొన్ని వస్తాయి. సూదిలా పొడుగ్గా ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే రకం ఒకటుంది, అది ముందొచ్చినవాటినీ తర్వాత రాబోయేవాటినీ రెండింటినీ పట్టుకోగలదు. అన్నీ కలిసి తమ చుట్టూ జిగురు లాంటి పదార్థాన్ని అల్లుకుంటాయి. పొర మందమయ్యే కొద్దీ అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు గాలి తగిలితే బతకలేని రకాలకు అక్కడ చోటు దొరుకుతుంది. ఇదే పాచి. నాలుకతో తడిమితే గరుగ్గా తగిలేది అదే. కొన్నాళ్లు కదిలించకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దాంట్లో పేరుకుని రాయిలా గట్టిపడుతుంది, అది గార. గార తనంతట తాను పెద్ద ప్రమాదం కాదు. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి హాయిగా నిలుస్తుంది, బ్రష్షుకు అందదు, అదీ సమస్య. నల్లగొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద వచ్చే గోధుమ రంగు మరకలను కూడా చాలామంది గారే అనుకుంటారు. అవి వేరు, పన్ను పైపొరలోనే ఉంటాయి, క్లీనింగ్‌తో పోవు.

పాచిలో ఉన్న జీవాలను మొదట చూసినవాడు డాక్టరు కూడా కాదు. డచ్చి ఊరు డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారం చేసే లీవెన్‌హుక్ తన పళ్ల మధ్య పేరుకున్న తెల్లటి ముద్దను తీసి, తానే సాన పట్టిన కటకంతో చూసి, గిరగిరా తిరుగుతున్న ప్రాణులున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. వెనిగర్‌తో పుక్కిలించి మళ్లీ చూశాడు. ముద్ద పైభాగంలో ఉన్నవి మాత్రమే చచ్చాయనీ, లోపలికి వెనిగర్ పోలేదనీ గమనించి రాశాడు. టీవీలో రోజూ వచ్చే మౌత్‌వాష్ ప్రకటనలకు సమాధానం 300 ఏళ్ల కిందటే దొరికిందన్నమాట. యాంటీబయాటిక్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. నీళ్లలో విడిగా తేలే బ్యాక్టీరియాను చంపే మోతాదు, జిగురు పొరలో ఉన్న అదే బ్యాక్టీరియాను చంపడానికి ఎంతమాత్రం చాలదు.

సరే, పాచి వల్లే చిగుళ్లు వాస్తాయని రుజువేమిటి? 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించాడు. వాళ్లలో ఎక్కువమంది డెంటల్ విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు ఎర్రబడి వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో మామూలైపోయాయి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు, ఎవరికీ శాశ్వత నష్టమూ లేదు. చిగుళ్ల వాపు అనే ఈ మొదటి దశను డాక్టర్లు జింజివైటిస్ అంటారు.

అయితే పన్నును పట్టి ఉంచే ఎముక కరిగిపోయే రెండో దశ అలా కాదు. అదే పరిశోధకుడి బృందం 1970లో శ్రీలంక తేయాకు తోటలకు వెళ్లి 480 మంది మగ కూలీల నోళ్లను పరీక్షించి, 15 ఏళ్ల పాటు వాళ్లను గమనించింది. వాళ్లకు బ్రష్షు అలవాటు లేదు, పళ్ల డాక్టరు ముఖం చూసి ఎరగరు. అందరి నోట్లోనూ పాచి, గార దండిగా ఉన్నాయి, అందరికీ చిగుళ్లు వాచే ఉన్నాయి. ఫలితం మాత్రం ఒక్కలా లేదు. సుమారు 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరింది. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరింది. మిగిలిన 11 శాతం మందికి ఆ వాపు తప్ప ఎముకకు ఏమీ కాలేదు. వింతేమిటంటే ఆ కూలీలందరిలోనూ పుచ్చిపళ్లు దాదాపు లేవు. పన్ను పుచ్చడానికి చక్కెర తినే బ్యాక్టీరియా కావాలి, చిగుళ్ల జబ్బు దారి వేరు. స్వీట్లు మానేశాను కాబట్టి నా చిగుళ్లకు ఢోకా లేదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అంటే పాచి లేకుండా జబ్బు రాదు, కానీ పాచి ఉన్న ప్రతివాళ్లకూ ఎముక దాకా పోదు. ఈ రెండు ముక్కలకూ మధ్య ఉన్న ఖాళీని పూరించడానికే ఆ తర్వాతి పరిశోధనంతా సాగింది.

ఇక్కడ ఆ సందు లోపలికి తొంగి చూడాలి. చిగుళ్ల డాక్టరు దగ్గర కూర్చుంటే ఆయన మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి మొండి సలాకను పన్నుకూ చిగురుకూ మధ్య నెమ్మదిగా దింపుతాడు. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల. "మూడు, రెండు, మూడు" అని చెబుతుంటే అసిస్టెంట్ రాసుకుంటూ ఉంటుంది. మూడు వరకు ఫర్వాలేదు. "ఐదు, ఆరు, రక్తం" అన్నాడంటే అక్కడ చిగురు పన్నును వదిలేసి సంచిలా తయారైందని అర్థం. దాన్నే పాకెట్ అంటారు. ఆ సంచి అడుగున గాలి ఉండదు, వెచ్చగా ఉంటుంది, బ్రష్షు చేరదు. వాచిన చిగురు నుంచి ఊరే ద్రవంలో ప్రోటీన్లుంటాయి, నెత్తురు వస్తే అందులో ఇనుము ఉంటుంది. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు కావాల్సింది సరిగ్గా ఇదే. అది చక్కెర జోలికి పోదు. ప్రోటీన్లను కత్తిరించుకుని తింటుంది, నెత్తురులో ఇనుముండే హీమ్ అనే పదార్థాన్ని ఒంటి మీద పేర్చుకుంటుంది. ల్యాబ్‌లో రక్తం కలిపిన పళ్లెంలో పెంచితే కొన్ని రోజులకు నల్లటి చుక్కల్లా కనిపించేది అందుకే. ప్రోటీన్లు కుళ్లినప్పుడు వెలువడే గంధక వాయువులే చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్ల నోటి కంపు. మౌత్ ఫ్రెషనర్‌తో దాచేది దాన్నే.

1998లో సిగ్మండ్ సోక్రాన్స్కీ బృందం 185 మంది నోళ్ల నుంచి తీసిన 13,000కు పైగా పాచి నమూనాలను పరీక్షించి, ఏ బ్యాక్టీరియా దేనితో కలిసి ఉంటుందో గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక రంగు పేరు పెట్టింది. లోతైన పాకెట్లలో కలిసి కనిపించిన మూడింటికి ఎరుపు గుంపు అని పేరు. పైన చెప్పిన జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా ఆ మూడు. దాంతో దొంగలు దొరికారని చాలామంది సంబరపడ్డారు. నా దృష్టిలో అది తొందరపాటు. పాకెట్ ఏర్పడ్డాక ఇవి చేరాయా, ఇవి చేరాక పాకెట్ ఏర్పడిందా? ఆ నమూనాలు చెప్పగలిగింది ఎవరు ఎవరితో ఉన్నారన్నంతవరకే.

ఫిలిప్ మార్ష్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1990లలో చెప్పిన వాదన ఈ చిక్కును చాలావరకు విడదీసింది. అది మనకు హుస్సేన్ సాగర్ చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. కూకట్‌పల్లి నాలా మురుగు తెచ్చి పోయడంతో నీళ్లలో ఎరువు ఎక్కువైంది, నాచు పెరిగింది, ఆక్సిజన్ తగ్గింది, చేపలు పోయి గాలి అక్కర్లేనివి మిగిలాయి, వాసన మొదలైంది. ఆ క్రిములను ఎవరో తెచ్చి చెరువులో వదల్లేదు. ఎప్పుడూ అక్కడ కొద్దికొద్దిగా ఉన్నవే, పరిస్థితి మారేసరికి వాటి పంట పండింది. చిగురు సందులోనూ అదే. పాచి పేరుకుంటే చిగురు వాస్తుంది, వాపు వల్ల ద్రవం ఊరుతుంది, ఆ ద్రవం ప్రోటీన్ తినే రకాలకు మేతవుతుంది, అవి పెరిగితే వాపు ఇంకా పెరుగుతుంది. అదొక విషవలయం.

మరి జింజివాలిస్ నిర్దోషా అంటే, అదీ కాదు. 2011లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం దీని అసలు బుద్ధిని బయటపెట్టింది. ఎలుకల నోట్లోకి దీన్ని వదిలితే, మొత్తం బ్యాక్టీరియాలో 0.01 శాతం కన్నా తక్కువ ఉండి కూడా మిగతా గుంపు స్వరూపాన్ని మార్చేసి ఎముకను కరిగేలా చేసింది. అదే, పుట్టుక నుంచీ ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకల్లో దీన్నొక్కదాన్నే వదిలితే ఎముకకు ఏమీ కాలేదు. అంటే చెడగొట్టేది ఇది, చెడేది మిగతా గుంపు. రోగనిరోధక కణాలకు వచ్చే సంకేతాలను ఇది తారుమారు చేస్తుంది. చంపడానికి వచ్చిన కణం చంపే పని మానేసి మంట, అంటే వాపు, పుట్టించే పని మాత్రం చేస్తూ ఉంటుంది. ఆ మంటే దీనికి తిండి.

ఎముకను బ్యాక్టీరియా తినేస్తుందని చాలామంది అనుకుంటారు. ఎముకను కరిగించేది మన ఒంట్లోని కణాలే. వాటి పేరు ఆస్టియోక్లాస్టులు. మామూలుగా పాత ఎముకను తొలగించడం వాటి ఉద్యోగం. పాకెట్‌లో యుద్ధం ఎన్నాళ్లకూ తేలకపోయేసరికి రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు వీటిని అదేపనిగా ఉసిగొల్పుతాయి. పన్నును ఎముకకు కట్టి ఉంచే నారలను తెంచేవి కూడా ఎక్కువగా మన తెల్లరక్తకణాల ఎంజైములే. శ్రీలంకలో ఆ 11 శాతం మంది ఎందుకు బయటపడ్డారో ఇప్పుడు ఊహించవచ్చు. క్రిములు అందరికీ ఉన్నాయి, వాటికి ఒళ్లు స్పందించిన తీరులో తేడా. ఆ తేడా కొంత పుట్టుకతో వస్తుంది, కొంత షుగరు, పొగాకు లాంటివాటితో వస్తుంది.

దీనికో మినహాయింపు ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. టీనేజీలోనే ముందు పళ్లు, మొదటి దవడ పళ్ల చుట్టూ ఎముక కరిగిపోయే అరుదైన రకం ఒకటుంది. మొరాకోలో చేసిన ఒక అధ్యయనంలో యాక్టినోమైసెటెమ్‌కామిటాన్స్ అనే బ్యాక్టీరియాలోని ఒక ప్రత్యేక రకం నోట్లో ఉన్న పిల్లలకు ఆ ముప్పు 18 రెట్లు ఎక్కువని తేలింది. అక్కడ మాత్రం ఒకే క్రిమి మీద వేలు చూపించడంలో న్యాయం ఉంది.

ఇక మెడికల్ షాపు గోలీ సంగతి. మెట్రోనిడజోల్ గాలి అక్కర్లేని బ్యాక్టీరియాను చంపే మందు. చిగుళ్లకు అది పనిచేస్తుందని తెలిసిందే అనుకోకుండా. లండన్‌లో వేరే ఇన్ఫెక్షన్‌కు ఈ మందు వాడిన ఒక స్త్రీకి పనిలో పనిగా చిగుళ్ల పుండు కూడా మానిందని 1962లో ఒక డెంటిస్టు రాశాడు. కాబట్టి గోలీ వేస్తే వాపు తగ్గడం భ్రమ కాదు. కానీ జిగురు పొర అక్కడే ఉంటుంది, గార అక్కడే ఉంటుంది, పాకెట్ అక్కడే ఉంటుంది. కోర్సు అయిపోగానే మళ్లీ అవే చేరతాయి, ఈసారి మందుకు లొంగనివి కొన్ని ఎక్కువగా. జబ్బు బాగా ముదిరిన కొందరికి డాక్టర్లు ఇవే మందులు రాస్తారు. అయితే లోతుగా క్లీనింగ్ చేసి పొరను చెదరగొట్టాకే. కౌంటర్ మీద అడిగి కొనుక్కునే గోలీకీ దానికీ పోలిక లేదు.

క్లీనింగ్ అనగానే మన ఇళ్లలో వచ్చే మాట తెలిసిందే: "వద్దు బిడ్డా, క్లీనింగ్ చేపిస్తే పళ్లు కదుల్తయ్." ఆ మాట పూర్తిగా గాలి కబురు కాదు, అందుకే అది పోదు. ఎముక కరిగిపోయిన పళ్లను చాలాసార్లు గారే ఒకదానికొకటి అతికించి పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే అప్పటికే ఉన్న వదులు బయటపడుతుంది. వాచిన చిగురు మామూలు సైజుకు దిగితే సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లనివి తగిలితే జివ్వుమంటుంది. క్లీనింగ్ వల్ల పోయిందనుకున్న ఎముక అంతకు ముందే పోయింది. ఖర్చుకు వెనకాడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. చిగుళ్లకు అక్కడ విడిగా ఒక విభాగమే ఉంటుంది.

హైదరాబాద్‌లో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి కాబట్టి దాని గురించి రెండు మాటలు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లలో మంట పెరుగుతుంది, మానడం ఆలస్యమవుతుంది. అటు నుంచి ఇటు కూడా: చిగుళ్ల మంట ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష అంకె) సగటున 0.4 శాతం వరకు తగ్గుతున్నట్టు పరీక్షల్లో తేలింది. చిన్న అంకెలా కనిపించినా, షుగరు డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు. సిగరెట్, జర్దా, గుట్కా అలవాటున్నవాళ్ల విషయంలో ఇంకో మోసం ఉంది. పొగ తాగేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది, కాబట్టి అంతా బాగుందనుకుంటారు. లోపల ఎముక మాత్రం వేగంగా పోతుంటుంది. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన దేశం 1992లోనే నిషేధించింది.

చిగుళ్ల బ్యాక్టీరియా వల్లే గుండెపోటు, అల్జీమర్స్ అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను కాస్త ఆచితూచి చదవాలి. గుండె జబ్బుకూ చిగుళ్ల జబ్బుకూ సంబంధం కనిపిస్తోంది గానీ, ఒకటి ఇంకొకదానికి కారణమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో కూడా తేల్చి చెప్పలేదు. అల్జీమర్స్ రోగుల మెదళ్లలో జింజివాలిస్ ఎంజైములు కనిపించాయని 2019లో ఒక పత్రం వచ్చింది, పెద్ద సంచలనమైంది. ఆ ఎంజైములను అడ్డుకునే మందు 2021లో ప్రధాన పరీక్షలో విఫలమైంది. రెండో వార్త వాట్సాప్ దాకా రాలేదు.

చేయాల్సిన పనికి వస్తే, పొర ముదరడానికి టైమ్ ఇవ్వకపోవడమే అసలు కిటుకు. 48 గంటలకొకసారి పాచిని నిజంగా పూర్తిగా తీసేసినవాళ్లకు చిగుళ్లు వాయలేదనీ, మూడు నాలుగు రోజులకొకసారి తీసినవాళ్లకు వాచాయనీ 1973లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతుంది. పూర్తిగా తీయడం మనలో ఎవరికీ ఒక్కసారికి చేతకాదు కాబట్టి రోజుకు రెండుసార్లు అంటారు. మెత్తటి కుచ్చులున్న బ్రష్షును చిగురు, పన్ను కలిసే చోట ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా కదపాలి. బట్టలు ఉతికినట్టు రుద్దితే చిగుళ్లు కిందికి జారతాయి. పళ్ల సందుల్లోకి బ్రష్షు పోదు, అక్కడ ఫ్లాస్ దారమో, సందుల్లో దూరే చిన్న బ్రష్షో కావాలి. వేపపుల్ల వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పుల్ల బాగా నమిలి కుచ్చు చేసి వాడితే పన్ను ముఖం శుభ్రమవుతుంది, సందు కాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే, ఎక్కువ వాడితే పళ్లకు గోధుమ రంగు పడుతుంది. రక్తం వచ్చిన చోట బ్రష్ చేయడం మానేయడం అందరూ చేసే పని, సరిగ్గా అక్కడే ఎక్కువ శ్రద్ధగా చేయాలి. వారం పది రోజులు అలా చేసినా రక్తం ఆగకపోతే గార ఉన్నట్టో, పాకెట్ ఉన్నట్టో లెక్క. సలాకతో కొలిపించుకోవాలి.

లోతైన పాకెట్లున్నవాళ్లకు ఒకసారి క్లీనింగ్‌తో కథ ముగియదు. చెదరగొట్టిన గుంపు కొన్ని వారాలు, నెలల్లో మళ్లీ చేరుకుంటుంది, అందుకే ఇలాంటివాళ్లను మొదట్లో మూడు నెలలకొకసారి రమ్మంటారు. మొదటిసారి నొప్పితో వస్తారు, చేయించుకుంటారు. మూడు నెలలు గడిచేసరికి నొప్పి ఉండదు, రక్తం రాదు, ఆఫీసులో సెలవు దొరకదు, అపాయింట్‌మెంట్ మాత్రం వాయిదా పడుతుంది.